ట్రస్టు చట్టం నేర్చుకుందాం – మూడో పాఠం: ఆస్తి చేతులు మారిందా?

ఆస్తి ఇచ్చే ట్రస్టు కర్త, దాన్ని తన పేరున ఉంచుకుని నడిపే ట్రస్టీ, ఫలం అందుకునే లబ్ధిదారు. మొదటి పాఠంలో ఈ ముగ్గురి గురించి చెప్పుకున్నాం. రెండో పాఠంలో మూడు విషయాలు ఖాయంగా తేలాలన్నాం: ట్రస్టు పెట్టాలన్న ఉద్దేశం, ఏ ఆస్తి, ఎవరి కోసం. 1840 నాటి నైట్ వర్సెస్ నైట్ తీర్పు దగ్గర్నుంచి కోర్టులు ముందుగా చూసేది ఈ మూడింటినే.

ఈ మూడూ చక్కగా కుదిరినా ట్రస్టు పుట్టకపోవచ్చు. డీడు (ట్రస్టు పత్రం) పకడ్బందీగా రాయించి, సాక్షులతో సంతకాలు పెట్టించి, ఆస్తిని మాత్రం పాత పేరు మీదే వదిలేసేవాళ్లున్నారు. దాని నష్టం వాళ్లకు తెలియదు, వాళ్లు పోయాక లబ్ధిదారుకు తెలుస్తుంది. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం ఆస్తి బదిలీకే కేటాయిస్తున్నాను.

ఇంగ్లండులో 1865లో తేలిన జోన్స్ వర్సెస్ లాక్ కేసు చూడండి. ఒక తండ్రి పనిమీద బర్మింగ్‌హామ్ వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పసివాడికి ఏమీ తేలేదేమని ఇంట్లో అడిగారు. ఆయన తన పేరున ఉన్న 900 పౌండ్ల చెక్కు తీసి బిడ్డ చేతిలో పెట్టి, ఇది బాబుకే ఇస్తున్నానన్నాడు. చింపేస్తాడేమో అని భార్య అంటే, చింపితే చింపనీ, అది వాడిదేగా అన్నాడు. తర్వాత చెక్కు తీసుకుని ఇనప్పెట్టెలో దాచాడు. కొద్ది రోజులకే చనిపోయాడు.

చెక్కు బిడ్డదని కోర్టు ఒప్పుకోలేదు. చెక్కు తండ్రి పేరున ఉంది, దాని వెనక సంతకం పెట్టి బదిలీ చేయలేదు, కాబట్టి దానం పూర్తి కాలేదు. పోనీ, బిడ్డ తరఫున తానే ట్రస్టీగా ఉన్నాడనుకోవచ్చా? అదీ కుదరలేదు. ఆయన ఇచ్చేద్దామనుకున్నాడే గానీ, ఇకమీదట ఈ సొమ్ముకు నేను కాపలాదారుణ్ణి, తాకే హక్కు నాకు లేదు అని తన మీద బాధ్యత వేసుకోలేదు. తండ్రి ప్రేమను ఎవరూ శంకించలేదు. తీర్పు కఠినంగా కనిపించినా సరైనదేనని నా అభిప్రాయం. ఇంట్లో మురిపెంగా అన్న ప్రతి మాటా ట్రస్టు అయిపోతే, తన ఆస్తి తనదేనని ఎవరూ ధీమాగా ఉండలేరు.

ట్రస్టు పుట్టడానికి దారులు రెండే ఉన్నాయని ఈ కేసు చూపిస్తుంది. ఆస్తిని ట్రస్టీ పేరుకు మార్చడం ఒకటి, యజమాని తానే ట్రస్టీనని ప్రకటించడం ఇంకొకటి. రెండో దారికి లాంఛనమైన మాటలు అక్కర్లేదు. పాల్ వర్సెస్ కాన్‌స్టన్స్ (1977) కేసులో ఒకాయన ఉద్యోగంలో గాయపడి పొందిన 950 పౌండ్ల పరిహారాన్ని తన ఒక్కడి పేరున ఖాతా తెరిచి అందులో వేశాడు. కలిసి జీవిస్తున్న ఆమెతో, ఈ డబ్బు నాదెంతో నీదీ అంతే అని పదేపదే అనేవాడు. ఇద్దరూ కలిసి గెలుచుకున్న చిన్నపాటి మొత్తాలు కూడా అదే ఖాతాలో పడ్డాయి. అది ట్రస్టేనని, సగం ఆమెదని కోర్టు తేల్చింది. మాటా నడతా రెండూ ఒకే వైపు చూపించాయి కనక ఆమె గట్టెక్కింది.

ఇక మొదటి దారిలో తరచూ జరిగే పొరపాటుకు మిల్‌రాయ్ వర్సెస్ లార్డ్ (1862) పేరు చెబుతారు. ఒకాయన మేనకోడలి కోసం 50 బ్యాంకు షేర్లను ట్రస్టీకి ఇస్తున్నట్టు డీడు రాశాడు. ఆ షేర్లు బ్యాంకు పుస్తకాల్లో పేరు మారితేనే బదిలీ అవుతాయి. ఆ మార్పు జరగకుండానే ఆయన కన్నుమూశాడు. మేనకోడలికి షేర్లు దక్కలేదు. సగంలో ఆగిన బదిలీని కోర్టు తాను పూర్తి చేయదు. ఒక దారిలో బయల్దేరి చేరుకోలేకపోయినవాణ్ణి రెండో దారిలో చేరినట్టుగా కూడా లెక్కవేయదు. ఈ వాక్యాన్ని నోట్సులో రాసుకోండి, మున్ముందు చాలాసార్లు అవసరమవుతుంది. దీనికో మినహాయింపుంది. ఇచ్చేవాడు తాను చేయాల్సిందంతా చేసేసి, మిగిలింది మరొకరి చేతిలో ఉంటే (షేర్ల కొత్త యజమాని పేరును కంపెనీ తన రిజిస్టరులో నమోదు చేయడం లాంటిది) బదిలీ జరిగినట్టే చూడవచ్చని 1952లో రీ రోజ్ కేసు చెప్పింది.

ఆస్తి ఏ రకమో చూసి బదిలీ పద్ధతి వెతకాలి. నగదైతే ట్రస్టీ ఖాతాలోకి పంపాలి. షేర్లయితే రిజిస్టరులో పేరు మారాలి. స్థిరాస్తికి దేశాన్నిబట్టి నియమాలుంటాయి. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం స్థిరాస్తిపై ప్రైవేటు ట్రస్టు చెల్లాలంటే సంతకంతో, రిజిస్ట్రేషన్‌తో కూడిన రాతపత్రమైనా ఉండాలి, వీలునామా అయినా ఉండాలి. ఎప్పుడో వారసత్వంగా రావచ్చని ఆశపడుతున్న ఆస్తి మీద మాత్రం ట్రస్టు కుదరదు. ఇంకా మనది కానిదాన్ని ఎవరికి అప్పగిస్తాం?

ఆస్తి చేతికొచ్చిన క్షణం నుంచి ట్రస్టీ పని మొదలవుతుంది. డీడు మొత్తం చదవాలి, ఆస్తుల జాబితా రాయాలి, పత్రాలు స్వాధీనం చేసుకోవాలి. ట్రస్టు సొమ్ముకు విడి ఖాతా తెరవాలి. సొంత డబ్బుతో కలిపితే, ఏ రూపాయి ఎవరిదో తేలనిచోట నష్టం ట్రస్టీ నెత్తినే పడుతుంది. మొదటి రోజు నుంచే లెక్కలు రాయాలి, లబ్ధిదారు అడిగితే చూపించాలి. పైన చెప్పిన చట్టంలో 19వ సెక్షన్ చెప్పేది ఇదే. ఇద్దరు ముగ్గురు ట్రస్టీలుంటే, డీడులో వేరేలా లేనప్పుడు, అందరూ కలిసే నిర్ణయించాలి.

అన్నిటికన్నా పెద్ద నియమం, ట్రస్టు వల్ల సొంత లాభం చూసుకోకూడదన్నది. కీచ్ వర్సెస్ శాండ్‌ఫర్డ్ (1726) కేసులో ఒక ట్రస్టీ మైనరు కోసం రమ్‌ఫర్డ్ మార్కెట్ లీజు చూస్తున్నాడు. గడువు తీరాక, పసివాడి పేరున కొత్త లీజు ఇవ్వనని భూయజమాని కచ్చితంగా చెప్పేశాడు. ట్రస్టీ దాన్ని తన పేరున తీసుకున్నాడు. మోసమేమీ లేదు, పిల్లాడికి ఎలాగూ దొరికేది కాదు. అయినా లీజునూ దాని మీద వచ్చిన లాభాన్నీ పిల్లాడికే ఇవ్వమని ఛాన్సలర్ (ఆ కోర్టు పెద్ద న్యాయమూర్తి) ఆదేశించాడు. లోకంలో ఎవరు తీసుకున్నా తప్పులేని లీజు, ట్రస్టీ తీసుకుంటే తప్పయింది. ఎందుకో ఆలోచించండి. లీజు పోతే తనకే దక్కుతుందని తెలిసిన ట్రస్టీ, పిల్లాడి కోసం భూయజమానితో గట్టిగా బేరమాడతాడా? ఆడాడో లేదో కనిపెట్టడం కోర్టు వల్ల కాదు. అందుకే ఆ ఆశనే మొదట్లో తుంచేసింది. మూడు వందల ఏళ్లు కావస్తున్నా ఈ నియమం సడలకపోవడం నాకు ఎంతో నచ్చుతుంది, లబ్ధిదార్లలో చాలామంది తమ తరఫున మాట్లాడుకోలేనివాళ్లు కదా.

ఈ వారం అభ్యాసం. ఒకాయన చెల్లెలి కూతురి కోసం ట్రస్టు డీడు రాసి, స్నేహితుణ్ణి ట్రస్టీగా పెట్టాడు. డీడులో మూడు ఆస్తులున్నాయి. ఒకటి, స్నేహితుడి ఖాతాకు పంపిన డబ్బు. స్నేహితుడు దాన్ని తన సొంత ఖాతాలోనే ఉంచాడు. రెండు, షేర్లు; డీడు రాసినాయన బదిలీ ఫారాలపై సంతకం పెట్టి తన సొరుగులోనే ఉంచుకున్నాడు. మూడు, తల్లి నుంచి వస్తుందనుకుంటున్న ఇల్లు. తల్లి బతికే ఉంది. ఆయన మర్నాడే చనిపోతే వీటిలో ఏది ట్రస్టుకు చెందుతుంది, ఏది కాదు, ట్రస్టీ వెంటనే సరిదిద్దుకోవాల్సిన తప్పు ఏమిటి? కారణాలతో రాయండి. జవాబులతోనే నాలుగో పాఠం మొదలవుతుంది. ఆ పైన ట్రస్టు సొమ్మును ఎక్కడ పెట్టుబడి పెట్టవచ్చో చూద్దాం.