ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ తెరుచుకోకపోతే: ముందుగా చూడవలసినది కీ గడువు

ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చిన మెయిల్, ఫోనులో తెరుచుకోవడం లేదని తిరుపతి ఆఫీసుల నుంచి నాకు తరచుగా ఫోన్లు వస్తుంటాయి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్‌లోని సీక్రెట్ కీ (అలాంటి మెయిళ్లను విప్పే రహస్య తాళంచెవి), విడిగా పెడితే తప్ప, ఫోనులో ఉండదు కనుక అక్కడ encrypted.asc అటాచ్‌మెంట్ మాత్రమే కనిపిస్తుంది. దయచేసి సెట్టింగులు ముట్టుకోకముందే అదే మెయిల్‌ను కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడండి.

లక్షణం: ఎంతో కాలంగా సజావుగా వెళ్తున్న మెయిళ్లు ఒకరోజు హఠాత్తుగా ఎన్‌క్రిప్ట్ కావు.

కారణం: థండర్‌బర్డ్‌లో తయారైన కీకి, మనం మార్చకపోతే, 3 సంవత్సరాల గడువు ఉంటుంది. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో ఈ గడువు తోతాపురి సీజన్ మధ్యలో తీరింది. అక్కడి అకౌంటెంటు కొత్త కీ తయారుచేసుకుని, పాతది తీసేయవచ్చా అని నన్ను ఫోనులో అడిగితే, పూర్తిగా వినకుండానే సరేనన్నాను. కొత్త మెయిళ్లు చక్కగా వెళ్లాయి. రెండు నెలల తరువాత అంతకుముందటి ఏడాది ధరల ఒప్పందం వెతికితే, వచ్చిన మెయిళ్లే కాదు, తాము పంపినవి కూడా తెరుచుకోలేదు. విదేశీ కొనుగోలుదారు తన ప్రతిని మళ్లీ పంపేదాకా ఆ ఆఫీసులో ఎవరికీ ఊపిరాడలేదు. గడువు తీరిన సీక్రెట్ కీ కూడా పాత మెయిళ్లను విప్పుతుంది కనుక దానిని ఎన్నడూ తొలగించకూడదు.

పరిష్కారం: అకౌంట్ సెట్టింగ్స్‌లోని ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ విభాగంలో కీ గడువు తేదీ కనిపిస్తుంది, అక్కడే దానిని పొడిగించవచ్చు, కొత్త కీ అక్కరలేదు. అవతలివారి దగ్గర ఉన్న ప్రతిలో పాత తేదీయే ఉంటుంది కాబట్టి పబ్లిక్ కీని (మనకు పంపే మెయిళ్లను ఎన్‌క్రిప్ట్ చేయడానికి అవతలివారు వాడేది) వారికి మళ్లీ పంపాలి. థండర్‌బర్డ్‌లో కీలన్నీ కనిపించే ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్‌లో సీక్రెట్ కీని బ్యాకప్ తీసి, పెన్‌డ్రైవ్‌ను బీరువాలోనూ, బ్యాకప్ పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని వేరొకచోటా ఉంచండి. కంప్యూటర్ ఫార్మాట్ చేయించేముందు ఆ పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టి, ఒక పాత మెయిల్ నిజంగా తెరుచుకుంటున్నదో లేదో చూసుకోండి.

లక్షణం: టెండర్ల కోసం తీసుకున్న డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌తో (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరంతో) మెయిల్ ఎన్‌క్రిప్ట్ కాదు. మన దేశంలో సంతకానికి ఒక సర్టిఫికెట్, ఎన్‌క్రిప్షన్‌కు మరొక సర్టిఫికెట్ ఉంటాయి; రెండవది అడిగి తీసుకోవాలి.

నెలకు ఒకటి రెండు ఫైళ్లు పంపే ఆఫీసుకు ఈ కీల శ్రమ నేను సిఫారసు చేయను. పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్ పంపి, పాస్‌వర్డ్‌ను ఫోనులో చెబితే చాలు. ఆడిటర్ల దగ్గర అలవాటైన పాన్ నంబరు మాత్రం పాస్‌వర్డ్‌గా వద్దు, అది సగం కాగితాల మీద ఉంటుంది.

మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి కంప్యూటర్ తేదీ తప్పడం వల్ల కీ చెల్లనట్టు కనిపించడం అరుదు. తేదీ సరిచేస్తే సరిపోతుంది.