మౌస్ ముట్టుకోకుండా పీడీఎఫ్ చదవడం ఎలా: నేను రోజూ వాడే షార్ట్‌కట్లు

నేను బెంగళూరులో ఒక కాంట్రాక్టర్ ఆఫీసులో టెండర్ల పని చూస్తానండి. ఒక్కో టెండర్ డాక్యుమెంట్ 300, 400 పేజీలు ఉంటుంది, దానికి తోడు డ్రాయింగులు, బీఓక్యూ అనే పనుల పరిమాణాల పట్టిక, మధ్యలో వచ్చే కొరిజెండంలు, అంటే టెండర్‌లో మార్పులు చెప్పే సవరణ నోటీసులు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మౌస్ చక్రం తిప్పీ తిప్పీ నాకు కుడి మణికట్టు లాగేయడం మొదలైంది, రాత్రి అన్నం కలుపుకోవాలన్నా నొప్పే. అప్పుడు పట్టుబట్టి కీబోర్డు నేర్చుకున్నాను. ఈమధ్య మారతహళ్ళి రూమ్‌లో మా తమ్ముళ్ళు "అన్నా, అంత ఫాస్ట్‌గా పేజీలు ఎట్లా పట్టుకుంటావు, మాకూ చెప్పు" అని అడిగితే చెప్పాను, అదే ఇక్కడ రాస్తున్నా.

నేను వాడేది సుమత్రా పీడీఎఫ్ అనే పీడీఎఫ్ చదివే సాఫ్ట్‌వేర్. ఫ్రీ, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, పాత లాప్‌టాప్‌లో కూడా టక్కున తెరుచుకుంటుంది. అడోబీ రీడర్, లినక్స్‌లో ఒకులర్ వాడేవాళ్ళకి తేడా వచ్చిన చోట చెప్తాను.

అందరూ ముందు మాట వెతికే కంట్రోల్ ఎఫ్ నేర్పిస్తారు గానీ నన్నడిగితే మొట్టమొదట నేర్చుకోవాల్సింది వెనక్కి రావడం. ఎందుకంటే పెద్ద డాక్యుమెంట్ ఎవరూ వరసగా చదవరు, ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళి మళ్ళీ ఇక్కడికి రావడమే చదవడం. పెనాల్టీ క్లాజ్ చదువుతున్నారనుకోండి, 62వ పేజీ. అందులో "క్లాజ్ 31.2 చూడుము" అని లింక్ ఉంటుంది, నొక్కితే 140కి పోతారు, అక్కడ "అనెక్చర్ సి (చివర జతచేసిన అనుబంధం) ప్రకారం" అంటాడు, మళ్ళీ నొక్కితే 287. అనెక్చర్‌లో శాతం ఎంతో చూసుకున్నారు, సరే, ఇప్పుడు 62కి ఎలా రావాలి? మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు అక్కడ పక్కనున్న బార్ పట్టుకుని పైకి లాగుతూ వెతుక్కుంటూ ఉంటారు, ఈలోపు ఆ శాతం మర్చిపోతారు. ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కండి, 140కి వస్తారు, ఇంకోసారి నొక్కండి, 62లో వదిలేసిన చోటికే. ఆల్ట్ కుడి బాణం కొడితే మళ్ళీ ముందుకు. లింక్ నొక్కి దూకినా, పేజీ నంబర్ కొట్టి దూకినా పనిచేస్తుంది. అడోబీలో కూడా ఇదే, ఒకులర్‌లో మాత్రం షిఫ్ట్ కూడా కలిపి పట్టుకోవాలి.

పేజీ నంబర్ కొట్టి దూకడానికి కంట్రోల్ జి, నంబర్, ఎంటర్. ఒకులర్‌లోనూ అంతే. అడోబీలో కంట్రోల్ జి కొడితే వెతికిన మాట తర్వాతిది ఎక్కడుందో చూపిస్తుంది, పేజీకి వెళ్ళాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఎన్ కొట్టాలి. ఇక్కడొక తిరకాసు ఉంది. విషయసూచికలో 120 అని ఉంటే మీరు 120 కొడతారు, తీరా చూస్తే వేరే ఏదో వస్తుంది, ఎందుకంటే ముందున్న అట్ట, నోటీసు, సూచిక పేజీలు కూడా ఫైల్ లెక్కలోకి వస్తాయి. అవి 16 ఉంటే 136 కొట్టాలి. ఫైల్ తెరవగానే ఆ తేడా ఎంతో ఒక్కసారి చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

వెతకడం అందరికీ తెలిసిందే, కంట్రోల్ ఎఫ్, తర్వాతది ఎఫ్ 3, ముందుది షిఫ్ట్ ఎఫ్ 3. అడోబీలో కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్ అని ఇంకోటి ఉంది, దాంతో ఒక ఫోల్డర్‌లో ఉన్న పీడీఎఫ్‌లన్నిట్లో ఒకేసారి వెతకొచ్చు, కొరిజెండంలు ఎనిమిది వచ్చినప్పుడు "బ్యాంక్ గ్యారంటీ" ఎందులో మార్చారో పట్టుకోవడానికి నాకు ఇదే దిక్కు. అయితే "దొరకలేదు" అని వస్తే డాక్యుమెంట్‌లో లేదని మాత్రం నమ్మేయకండి. స్కాన్ చేసిన పేజీ అయితే అది బొమ్మే, అందులో అక్షరాలు ఉండవు. మౌస్‌తో ఒక లైన్ సెలెక్ట్ చేసి చూడండి, మాటలు పట్టుబడకపోతే స్కానే. తెలుగు ఫైళ్ళకి ఇంకో బాధ ఉంది, అను ఫాంట్లతో టైప్ చేసినవి కంటికి చక్కటి తెలుగులాగే కనిపిస్తాయి గానీ లోపల యూనికోడ్ (కంప్యూటర్ గుర్తుపట్టే అసలు తెలుగు అక్షరాలు) కాదు, "భూమి" అని వెతికితే వందసార్లు ఉన్నా ఒక్కటీ దొరకదు. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, అలా తెలిసిపోతుంది. అలాంటప్పుడు కళ్ళతో చదవడమే, ఆ ఓపిక తెచ్చుకోవాల్సిందే.

ఇక్కణ్ణుంచి చెప్పేవి సుమత్రా కీలు. కిందికి పోవడానికి జె, పైకి కె. కుడిచేతి చూపుడువేలు ఎప్పుడూ ఉండే చోటే కాబట్టి చెయ్యి కదలదు. 1970లలో బిల్ జాయ్ అనే ఆయన వీఐ అనే టెక్స్ట్ టైప్ చేసే ప్రోగ్రామ్ రాసిన టెర్మినల్ (స్క్రీన్, కీబోర్డు ఉన్న పాతకాలం యంత్రం) కీబోర్డులో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ కీల మీదే ముద్రించి ఉండేవట, ఆ అలవాటు అక్కణ్ణుంచి వచ్చింది. పూర్తి పేజీ దాటాలంటే ఎన్, వెనక్కి పి. 500డి బస్సులో సీటు దొరికిన రోజు హెబ్బాళ్ దాకా లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో బ్యాగ్ పట్టుకుని ఇంకో చేత్తో ఈ రెండు కీలతోనే చదివేస్తాను.

చిన్న స్క్రీన్ వాళ్ళకి కంట్రోల్ 3 చాలా ఉపయోగం, చుట్టూ ఉన్న మార్జిన్ ఖాళీ తీసేసి అక్షరాలు పెద్దవి చేస్తుంది. కంట్రోల్ 2 వెడల్పుకి సరిపెడుతుంది, కంట్రోల్ 0 మొత్తం పేజీ. ఎఫ్ 12 కొడితే పక్కన సూచిక వస్తుంది.

ముఖ్యమైన లైన్ సెలెక్ట్ చేసి ఏ కొడితే హైలైట్ అవుతుంది, కంట్రోల్ షిఫ్ట్ ఎస్ కొడితే అదే ఫైల్‌లో సేవ్ అవుతుంది. అదే ఫైల్‌లో అంటున్నా కదా, అందుకే ముందు కాపీ తీసుకుని ఆ కాపీ మీదే గీతలు గీయండి, ఒరిజినల్ ముట్టుకోవద్దు.

కీలు పనిచేయట్లేదంటే మూడు చూడండి. వెతికే డబ్బాలో కర్సర్ ఉంటే జె కొట్టినా అక్కడే టైప్ అవుతుంది, ఎస్కేప్ కొట్టి బయటకి రండి. లాప్‌టాప్‌లో ఎఫ్ 12 కొడితే సౌండో వెలుతురో మారుతుంటే ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కండి. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లీషుకి మార్చి చూడండి.

ఒకేసారి అన్నీ గుర్తుపెట్టుకోవాలని చూడకండి, ఈ వారం ఆల్ట్ ఎడమ బాణం, కంట్రోల్ జి, ఈ రెండే చాలు. మిగతావి మర్చిపోతే సుమత్రా కొత్త వెర్షన్లలో కంట్రోల్ కె కొట్టి కావలసిన పని పేరు ఇంగ్లీషులో రెండు మూడు అక్షరాలు కొట్టండి, లిస్టు వస్తుంది, అందులోంచి ఎంచుకుని ఎంటర్ కొడితే ఆ పని అయిపోతుంది.