రెండు బోర్ల మధ్య రాయి ఎలా ఉంటుందో లెక్కగట్టడం

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్‌లో పనిచేసే కుర్ర జియాలజిస్టులు తరచూ అడుగుతుంటారు: "సార్, ఈ బోరులో ఆర్‌క్యూడీ 80, ఆ బోరులో 40. మధ్యలో 60 వేసేయనా?" ఆర్‌క్యూడీ అంటే రాయి ఎంత విరగకుండా ఉందో చెప్పే శాతం. ఆగండి, ముందు బోరులోంచి తీసిన రాతి కడ్డీలు పేర్చిన కోర్ బాక్సు తెరవండి.

10 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న ముక్కల పొడవులు కూడి, రన్ (ఒక్కసారి డ్రిల్ చేసి తీసిన నిడివి) పొడవుతో భాగిస్తే ఆర్‌క్యూడీ వస్తుంది. 1960లలో అమెరికా ఇంజనీరు డాన్ డీర్ పెట్టిన లెక్క ఇది. 150 సెం.మీ. రన్‌లో 38, 24, 17, 9, 12, 7, 22 ముక్కలు వచ్చాయనుకోండి. 9, 7 వదిలేస్తే 113, అంటే 75 శాతం. విరుపు తాజాగా, గరుకుగా ఉంటే డ్రిల్లింగులో విరిగిందే, రెండు ముక్కలూ కలిపి కొలవండి. తుప్పు మరకో మట్టి పూతో కనిపిస్తే అది అసలు జాయింటు, అంటే రాయిలో ముందునుంచీ ఉన్న పగులు.

తర్వాత రాయిని విడదీయండి: పైన మొరం, కింద గట్టి గ్రానైట్, మధ్యలో గోడలా చొచ్చుకొచ్చిన నల్లరాయి, అంటే డోలరైట్ డైకు. ఒకదాని అంకెను ఇంకోదానిలోకి లాగొద్దు. నా మటుకు సగం పని ఇక్కడే అయిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కు డైకు ఉందని తెలియదు, మీరే గీసివ్వాలి.

ఒకే రాయిలో, బోరు విలువలను ఒకే పొడవు భాగాలకు కట్టుకున్నాకే దూరం లెక్క. అంచనా కావాల్సిన చోటికి 80 ఉన్న బోరు 20 మీటర్లలో, 40 ఉన్నది 40 మీటర్లలో ఉంటే, దూరం వర్గానికి విలోమంగా బరువులు 4:1. అంచనా 72. బోర్లు చాలినన్ని ఉంటే వేరియోగ్రామ్ (దూరం పెరిగేకొద్దీ విలువల తేడా ఎలా పెరుగుతుందో చూపే గ్రాఫు) గీసి, దాన్నిబట్టి బరువులు కట్టే క్రిగింగ్ చేయండి, అంచనాలో ఎంత తేడా రావచ్చో కూడా అదే చెబుతుంది. క్యూ (రాతి నాణ్యతకు ఇచ్చే ఇంకో అంకె) విలువలైతే 0.001 నుంచి 1000 దాకా పరుచుకుంటాయి కాబట్టి లాగరిథమ్ తీసుకుని సగటు కట్టండి, లేదంటే ఒక్క మంచి బోరు మిగతావాటిని మింగేస్తుంది.

అసలు టెన్షన్ నిలువు బోర్లతోనే. నిలువు పగుళ్లు వాటికి దాదాపు చిక్కవు. రెండు బోర్లలోనూ 85 వచ్చి, నడుమ నిలువుగా డైకు, దాని అంచున నలిగిన రాయి ఉండొచ్చు. అందుకే డైకుకు అడ్డంగా కనీసం ఒక ఏటవాలు బోరు వేయించండి.

చివరగా ఒక్కో బోరునూ పక్కన పెట్టి, మిగతావాటితో దాని విలువ అంచనా వేసి చూడండి. నేనైతే అంచనాకూ అసలు విలువకూ తేడా 20 దాటిన చోట మ్యాపులో రంగు వేయను, ఇంకో బోరుకు ఇండెంట్ పెడతాను.