పట్టా పొలంలో ఎర్రచందనం: నరకడానికి, తరలించడానికి అనుమతి పొందే విధానం

మన పొలంలో మన చేత్తో నాటిందే అయినా, ఎర్రచందనం చెట్టు మీద అటవీ శాఖ అనుమతి లేకుండా గొడ్డలి వేయకూడదు. దుంగలు ఊరు దాటాలంటే విడిగా రవాణా పర్మిట్ కూడా ఉండాలి. శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండల్లో పుట్టిన చెట్టు ఇది. అక్కడి అడవుల్ని దొంగలు దశాబ్దాలుగా కొల్లగొడుతున్నారు. చేవ చూస్తే పొలం దుంగా అడవి దుంగా ఒకలాగే ఉంటాయి. తేడా చెప్పేవి కాగితాలే.

అందుకే ఈ దరఖాస్తు పని మొక్క నాటిన ఏడాదే మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను. చింత, కానుగల్లాగే ఇదీ చిక్కుడు కుటుంబపు చెట్టే. నీరు నిలవని గులకరాళ్ల ఎర్రనేలలో బాగా వస్తుంది కానీ, మంచి చేవ పట్టడానికి ఇరవై ముప్పై ఏళ్లు ఆగాలి. ఆలోపు అధికారులు మారతారు, పొలం అన్నదమ్ముల మధ్య పంపకాలైపోతుంది. మా బంధువుల్లో ఒకాయన తోట అడంగల్‌లో (ఏ సర్వే నంబరులో ఏం సాగవుతోందో రాసే రెవెన్యూ రికార్డు) ఏళ్ల తరబడి బీడుగానే ఉండిపోయింది. చెట్లు కళ్లెదుటే ఉన్నా, అవి తాను నాటినవేనని చూపించలేక ఆయన పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. నాటగానే సర్వే నంబరు, విస్తీర్ణం, మొక్కల లెక్క రాసి అడంగల్‌లో నమోదు చేయమని అర్జీ ఇవ్వండి. దాని రసీదు, నర్సరీ బిల్లు పాసుపుస్తకంతో పాటే దాచుకోండి.

నరికే సమయం వచ్చాక దరఖాస్తు జిల్లా అటవీ అధికారి (డీఎఫ్ఓ) పేరిట పెట్టుకోవాలి. పాసుపుస్తకం, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), అడంగల్, సర్వే పటం నకలు, ఆధార్ జతచేయండి. భూమి ఉమ్మడిదైతే వాటాదారులందరి సంతకాలూ తీసుకోండి. డీకేటీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అయితే ముందు తహసీల్దారు ఆఫీసులో హక్కుల సంగతి తేల్చుకోవడం మంచిది. చెట్ల జాబితాను మాత్రం తొందరపడి రాయొద్దు. ఒక్కో చెట్టుకీ పెయింటుతో నంబరు వేసి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి, వచ్చిన కొలతను ఆ నంబరు పక్కనే రాయండి. తనిఖీకి వచ్చినవాళ్లు కొలిచేదీ అక్కడే.

తనిఖీలో రెవెన్యూ, అటవీ సిబ్బంది హద్దులు చూసి చెట్లు లెక్కపెడతారు. పొలం రిజర్వు ఫారెస్టును ఆనుకుని ఉంటే అసలు పేచీ అక్కడే వస్తుంది. ముందుగానే సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి, ఆ రోజు మీరు స్వయంగా అక్కడ ఉండండి. అనుమతి పత్రం చేతికి రాకముందు ఒక్క చెట్టు కూడా కొట్టొద్దు.

నరికాక మొదళ్లు పీకేయకండి. చెట్టు నంబరునే దుంగ మీదా రాస్తే మొదలుకీ దుంగకీ జత చూపించవచ్చు. సిబ్బంది దుంగలు కొలిచి ముద్ర వేశాకే రవాణా పర్మిట్ వస్తుంది. ఈ చేవ నీళ్లలో మునిగేంత బరువు, చిన్న లారీ కూడా తొందరగా నిండిపోతుంది. ఎన్ని ట్రిప్పులు పడతాయో ముందే లెక్కవేసుకుని అడగండి. బండి నంబరు, దుంగల సంఖ్య, గడువు తేదీ అక్కడే సరిచూసుకోండి.

బొమ్మలకు, రంగుకు, జపాన్‌లో షామిసెన్ వాద్యం తయారీకి దీన్ని వాడతారు కాబట్టి విదేశీ గిరాకీ ఉంది. కానీ 1995 నుంచి ఈ చెట్టు సైటిస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది. రవాణా పర్మిట్‌తో ఎగుమతి కుదరదు, దానికి కేంద్రం అనుమతులు విడిగా తెచ్చుకోవాలి. కొనేవాడు ఎగుమతిదారైతే అవి ఎవరు తెస్తారో అడ్వాన్సు తీసుకునేముందే కాగితం మీద రాయించుకోండి.