ఉమ్మనీరు ఎక్కువని స్కానింగ్‌లో తేలితే

కోనసీమ లంక ఊళ్లలో నేను ఏఎన్‌ఎంని. రిపోర్టులో ఉమ్మనీరు ఎక్కువని రాయగానే ఇంట్లో పెద్దవాళ్లు కోడల్ని నీళ్లు తాగొద్దంటారు. దయచేసి అలా కట్టడి చేయకండి. నీళ్లు మానేస్తే ఉమ్మనీరు తగ్గదు. నెలలు ముదిరాక అందులో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. దాన్ని మళ్లీ బిడ్డే మింగుతుంటుంది.

ఏఎఫ్‌ఐ (ఉమ్మనీటి కొలత) అని రాసినచోట అంకె చూడండి. 25 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఎక్కువ. 35 దాటితే తీవ్రం. కాస్త ఎక్కువైనవాళ్లలో చాలామందికి కారణమే దొరకదు. కానీ షుగర్ పరీక్ష మాత్రం చేయించాల్సిందే. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి 2 గంటలకు రక్తం చూస్తారు. 140, ఆపైన వస్తే గర్భిణి షుగర్ కింద లెక్క. అప్పుడు సూడిదల్లో వచ్చిన సున్నుండలూ పూతరేకులూ ఇంట్లో మిగతావాళ్లు తినాలి. బిడ్డ మింగడంలో ఇబ్బంది ఏమైనా ఉందా, కవలలా అన్నది డాక్టరు స్కానింగ్‌లో చూస్తారు.

నా భయమంతా నెలలు నిండకుండా వచ్చే కాన్పు గురించే. గర్భసంచి బాగా సాగిపోయి 37 వారాల లోపే నొప్పులు రావచ్చు. పొట్ట పదేపదే రాయిలా బిగుస్తున్నా, నడుములో నొప్పి వచ్చిపోతున్నా తెల్లారేదాకా ఆగకండి. 34 వారాల లోపైతే బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇంజెక్షన్లు ఇస్తారు. అవి బాగా పనిచేయడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అందుకే త్వరగా చేరమని ఇంతలా చెప్పడం.

ఉమ్మనీరు ఒక్కసారిగా పోతే బొడ్డుతాడు ముందు జారే ప్రమాదం ఉంది. వెంటనే 108కి ఫోన్ చేసి, మోకాళ్లు, మోచేతుల మీద వంగి పిరుదులు పైకెత్తి ఉంచండి. ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. తాడు కనిపిస్తే లోపలికి తోయొద్దు.

జూలై, ఆగస్టుల్లో కాజ్‌వే మునిగితే మనకు పడవే దిక్కు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు ఇస్తారు, అప్పటిదాకా చూడకండి. ఏటిగట్టు అవతల, పెద్దాసుపత్రికి దగ్గరగా చుట్టాలింటికి ముందే వెళ్లిపోండి. కాన్పయ్యాక సాగిన గర్భసంచి సరిగా ముడుచుకోక రక్తం ఎక్కువ పోవచ్చు కాబట్టి, రక్తం ఇవ్వగలిగే ఇద్దరు మనుషులకు ముందే చెప్పి ఉంచండి.