కెమెరా ఫ్లాష్ రిపేరు, 4వ పాఠం: ముందు కెపాసిటర్ సంగతి

ఈసారి ఫ్లాష్ ట్యూబును వెలిగించే ట్రిగ్గర్ కాయిల్ మొదలుపెడదామనుకున్నాను. పోయిన పాఠం తర్వాత మీరు పంపిన ఫొటోలు చూశాక అది కాస్త ఆగాల్సిందే అనిపించింది. పెరంబూరు నుంచి ఒకాయన, కొన కరిగి గుంటపడ్డ స్క్రూడ్రైవర్ ఫొటో పంపి ‘కెపాసిటర్ డిశ్చార్జ్ (ఖాళీ) అయిపోయింది సార్’ అని రాశారు. ‘బ్యాటరీలు తీసేశాను కదా, ఇంక కరెంటు ఎక్కడిది?’ అని ఇంకొకరు.

ఫ్లాష్ వెలగడానికి కరెంటు దాచుకునే ఆ లావుపాటి నల్ల కెపాసిటర్‌లో ఉందండీ. పెళ్లిళ్లలో వాడే పెద్ద ఫ్లాష్‌లో అది సుమారు 1000 మైక్రోఫారడ్, నిండితే 330 వోల్టుల దాకా ఉంటుంది. అంటే 54 జౌల్‌ల శక్తి. ప్రాణం మీదికి రావడానికి అది చాలు, అందులోనూ మన చెన్నై ఉక్కపోతలో చెమటపట్టిన చేతులతో. ఫ్లాష్ సిద్ధమని చెప్పే రెడీ లైటు ఆరిపోయింది కదా అని ధైర్యం చేయకండి. అది ఆరాక కూడా లోపల వంద పైన వోల్టులు ఉండొచ్చు. ఫ్లాష్ కొట్టించి ఖాళీ చేశామన్నా అంతే, యాభై వోల్టుల దగ్గర ట్యూబు ఆగిపోతుంది, మిగతాది అలాగే ఉంటుంది.

స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే కెపాసిటర్ కాళ్లు మాడతాయి, దాని ఆయుష్షు తగ్గుతుంది, నిప్పురవ్వ కంట్లో పడుతుంది. అది మీకు తెలిసిందే. నాకు ఒళ్లు మండేది వేరే పద్ధతి. ఖాళీ చేయడానికి ఇంట్లో దొరికిన పావు వాట్ రెసిస్టర్ (కరెంటుకు అడ్డుపడే భాగం) పెట్టడం! లెక్క చూడండి. 1 కిలోఓమ్ మీద 330 వోల్టులు పడితే మొదటి క్షణంలో 109 వాట్లు. చిటుక్కుమంటుంది, కాస్త పొగ వస్తుంది, ‘హమ్మయ్య, పని అయింది’ అనుకుంటారు. తెగింది రెసిస్టర్. కెపాసిటర్‌లో చార్జి చాలావరకు అలాగే ఉంది. ఇప్పుడు మీరు భయం లేకుండా వేలు పెడతారు. అసలు డిశ్చార్జ్ చేయనివాడి కంటే ఇతనికే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఇతనికి నమ్మకం ఉంది. ఎల్‌ఈడీ బల్బు పెట్టినవాళ్లదీ ఇదే కథ. వోల్టేజి కొంత దిగగానే దాని లోపలి సర్క్యూట్ కరెంటు లాగడం మానేస్తుంది, బల్బు ఆరుతుంది, మిగిలిన వోల్టులు మీ కోసం కాచుకుని ఉంటాయి.

నేను వాడేది 2.2 కిలోఓమ్, 10 వాట్ సిమెంట్ రెసిస్టర్. మన చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఏ పార్ట్స్ షాపులో అడిగినా ఇస్తారు. రెండు చివర్లకూ మందపాటి వైరు, ఇన్సులేషన్ ఉన్న క్రొకడైల్ క్లిప్పులు. మల్టీమీటర్‌ని డీసీ 600 లేదా 1000 రేంజ్‌లో పెట్టి ముందు కెపాసిటర్‌కి తగిలించండి, తర్వాతే రెసిస్టర్. అంకె పైనుంచి కిందికి దిగడం మీ కళ్లతో చూడాలి. మొదటి నుంచీ సున్నా చూపిస్తే సంతోషించకండి, మీటర్ ప్రోబ్ తెగి ఉండొచ్చు. పది పన్నెండు సెకన్లలో దాదాపు ఖాళీ అవుతుంది. రెసిస్టర్ తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ కొలవండి, కొన్ని వోల్టులు తిరిగి లేస్తాయి. ఇంకోసారి దించండి. ఉంగరం, వాచీ తీసేయమని వేరే చెప్పాలా?

ఇక అసలు పాఠం, క్లుప్తంగా. ఆన్ చేస్తే సన్నటి కూత వినిపించకపోతే ముందు బ్యాటరీ గది చూడండి. మన ఉప్పుగాలికి స్ప్రింగులు పచ్చబడతాయి. ఆల్కలీన్ సెల్ కారి తెల్లపొడి పేరుకుని ఉంటే దూదిపుల్లతో వెనిగర్ అద్ది, ఆరాక స్పిరిట్‌తో తుడవండి. సగం ‘చచ్చిన’ ఫ్లాష్‌లు ఇక్కడే బతుకుతాయి. కూత ఉండి రెడీ లైటు రాకపోతే కెపాసిటర్ లీకవుతోందని అనుమానించాలి. ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉన్నదైతే కాసేపు ఆన్‌లో ఉంచితే కోలుకోవచ్చు. లైటు వచ్చి టెస్ట్ బటన్‌కి వెలగకపోతే ట్రిగ్గర్ వైపు తప్పు. టెస్ట్ బటన్‌కి వెలిగి కెమెరా మీద వెలగకపోతే ఫ్లాష్‌ని విప్పనే వద్దు, కింది పిన్నులను పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. దుకాణంలో అమ్మే స్ప్రేలు నాకు గిట్టవు.

అభ్యాసం: ఈ వారం ఫ్లాష్ తెరవొద్దు. 1000 మైక్రోఫారడ్, 25 వోల్ట్ కెపాసిటర్ కొనండి. ప్లస్ మైనస్ చూసుకుని 9 వోల్ట్ బ్యాటరీతో నింపి, బ్యాటరీ తీసేసి, 10 కిలోఓమ్ రెసిస్టర్ గుండా దించుతూ ఐదేసి సెకన్లకు వోల్టేజి రాయండి. పది సెకన్లకు 3.3 దగ్గర ఉండాలి. గ్రాఫ్ కాగితం మీద గీసి, మీ ఫ్లాష్ కెపాసిటర్ 330 నుంచి 5 వోల్టులకు దిగడానికి 2.2 కిలోఓమ్‌తో ఎన్ని సెకన్లు పడుతుందో లెక్క వేసి నాకు పంపండి. అది పంపినవాళ్ల ట్రిగ్గర్ కాయిల్ సందేహాలకే వచ్చేసారి జవాబిస్తాను.