చేతక్ స్టార్ట్ కావట్లేదా? ముందు ప్లగ్ తీసి చూడండి

ఇది పాత బజాజ్ చేతక్ స్కూటర్ సంగతి. 1972లో వచ్చి, ఎడమ చేత్తో క్లచ్ నొక్కి అదే పిడి తిప్పుతూ గేర్లు వేసే టూ-స్ట్రోక్ బండి. అదే పేరున్న కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్‌కి ఇందులో ఏదీ పనికిరాదు. నాన్నగారి బండి నా చేతికొచ్చాక డిక్కీలో ప్లగ్ పానా, కొత్త ప్లగ్, ఎమరీ పేపర్ ముక్క, పాత బట్ట లేకుండా గడప దాటను.

ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్ట్ కాదు

పెట్రోల్ ట్యాప్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. నవ్వకండి, నేనే చాలాసార్లు దొరికిపోయాను. ఆన్‌లోనే ఉంటే కుడివైపు మూత తీసి, ఇంజన్‌లో నిప్పు రవ్వ పుట్టించే ప్లగ్ విప్పండి.

ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోల్ అందట్లేదు. ట్యాప్‌ను రిజర్వ్‌లో పెట్టి చూడండి. అప్పటికీ లేకపోతే కార్బొరేటర్ జెట్‌లో నలక పడి ఉంటుంది. జెట్ విప్పి గాలి ఊదండి, సూదితో మాత్రం పొడవొద్దు. రంధ్రం పెద్దదైతే మైలేజీ పోతుంది.

తడిసి ఉంటే పెట్రోల్ ఎక్కువైంది. ఇలాంటప్పుడు బండిని పక్కకు ఒంచడం లాంటి పాత అలవాటు పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. ట్యాప్, చోక్ రెండూ ఆఫ్ చేసి, స్విచ్ ఆపి, ప్లగ్ లేకుండానే ఫుల్ రేజ్‌తో పది కిక్కులు కొట్టండి. ప్లగ్ తుడిచి, గ్యాప్ సుమారు 0.6 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసి బిగించండి. కొత్త ప్లగ్‌కి కూడా నిప్పు రవ్వ రాకపోతే, పాయింట్లున్న (నిప్పు రవ్వ కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టులున్న) మోడల్‌లో వాటిని శుభ్రం చేయించాలి. అవి శుభ్రం చేసినా రాకపోతే వాటితో ఉండే కండెన్సర్‌ని అనుమానించాలి.

నడుస్తూ ఆగిపోయింది

ఠక్కున ఆగితే ప్లగ్ గ్యాప్‌లో కార్బన్ పోగు అడ్డుపడి ఉంటుంది. గీకితే చాలు. మెల్లగా నీరసించి ఆగి, ట్యాంక్ మూత తెరిచిన కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయితే, మూతలోని గాలి రంధ్రం పూడింది.

రేజ్ తగ్గించినా ఇంజన్ అరుస్తూనే ఉంటుంది

నన్ను బాగా ఏడిపించింది ఇదే. కార్బొరేటర్ మూడుసార్లు విప్పాను, కేబుల్ మార్చాను, స్క్రూ తిప్పి తిప్పి విసిగిపోయాను. చివరికి ఒక పెద్ద మెకానిక్ వచ్చి శబ్దం విని, "బాబూ, గాలి లాగుతోంది" అన్నాడు. ఇంజన్‌లో మ్యాగ్నెట్ ఉన్న వైపు ఆయిల్ సీల్ (గాలి, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) పోతే బయటి గాలి లోపలికి చేరి, మిశ్రమం పలచబడి ఇంజన్ దానంతటదే పరుగెడుతుంది. ముందు కార్బొరేటర్ దగ్గరి గ్యాస్కెట్ చూడండి, అది బాగుంటే సీలే. అలాగే నడిపితే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

అవతలి వైపు, అంటే క్లచ్ వైపు సీల్ పోతే గుర్తు వేరు: తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వచ్చే కొంచెం పొగకి కంగారు పడకండి.

బండి లాగట్లేదు

లీటరు పెట్రోల్‌లో 20 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలిపితే చాలు. మమకారం కొద్దీ ఎక్కువ పోస్తే సైలెన్సర్ మసితో పూడిపోతుంది. దాన్ని విప్పించి శుభ్రం చేయించండి. అలాగని తగ్గించి పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు రేజ్ పూర్తిగా మూసి ఇంజన్ బ్రేక్ మీదే వదిలినా అదే ప్రమాదం, ఎందుకంటే పెట్రోల్ ఆగితే ఆయిలూ ఆగినట్టే. మధ్యమధ్యలో కొంచెం రేజ్ ఇవ్వండి. ఇంజన్ బిగుసుకున్నట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ నొక్కండి.

గేర్లు

పిడి మీది గీతల దగ్గర గేరు పడకపోతే కేబుల్ సాగింది, సర్దితే సరి. పడిన గేరు దానంతటదే జారిపోతుంటే, కేబుల్ సర్దినా ఆగకపోతే, లోపలి భాగం అరిగినట్టు. దానికి ఇంజన్ విప్పాల్సిందే.

పంచర్

స్టెప్నీ ఉంది కదా, టెన్షన్ అక్కర్లేదు. కానీ ట్యూబ్ తీసేటప్పుడు గాలి పూర్తిగా దించకుండా రిమ్ రెండు ముక్కల్నీ కలిపి ఉంచే నట్లు విప్పొద్దు. ముక్క ఎగిరి మొహానికి తగులుతుంది.